ఎనిమిదో వంతు అడుగు

శబరి ఎక్స్‌ప్రెస్ ఆ మధ్యాహ్నం నాంపల్లి దాటేసరికి మా పెట్టెలో నల్లబట్టలు కట్టనివాణ్ణి నేనొక్కణ్ణేనని తేలిపోయింది. 2017 డిసెంబరు రెండో వారం. బెర్తుల కింద ఇరుముడి సామాన్లు, కిటికీ ఊచలకు తడి తువ్వాళ్లు, పెట్టె నిండా విభూతీ కర్పూరం కలిసిన వాసన. ఎదురు బెర్తు గురుస్వామి నా చేతిలో అరటిపండు పెట్టి, నా మెడవైపు చూసి, మాల కనబడక, "స్వామీ, కేరళలో ఉద్యోగమా?" అన్నాడు.

"లేదు స్వామీ, కాలికట్‌లో పెళ్లి ఉంది. పనిలో పనిగా ఓ చెక్క కొనుక్కుందామని."

"ఇల్లు కడుతున్నారా?"

"వ్యాసపీఠం చేసుకుందామని."

ఆయన తొక్కను కాగితంలో చుట్టి, "దానికెంత చెక్క పడుతుందేమిటి?" అన్నాడు. చేతులు చాపి చూపించాను. పక్కనున్న కన్నెస్వామి ఫక్కున నవ్వేసి, దీక్ష గుర్తొచ్చి, "తప్పయింది స్వామీ" అని చెంపలు వేసుకున్నాడు.

నవ్వడంలో తప్పేం లేదు. పద్దెనిమిది అంగుళాల పొడుగు, ఎనిమిది వెడల్పు, ఒకటిన్నర మందం. గుణిస్తే 216 ఘనపుటంగుళాలు, అంటే ఘనపుటడుగులో సరిగ్గా ఎనిమిదో వంతు. ఒక మోస్తరు దుంగ కోసేటప్పుడు రంపపు పొట్టు కింద పోయేదే అంతకంటే ఎక్కువ ఉంటుంది. దానికోసం భర్తను మూడురోజులు ముందుగా రైలెక్కించిన మా ఆవిడ, తాను మాత్రం పెళ్లినాటికే వస్తానంది. చెక్కల దుకాణాల ముందు నిలబడి నిలబడి కాళ్లు లాగే ఓపిక తనకిక లేదట. అదీ న్యాయమే.

వ్యాసపీఠం చేయడం ఎప్పుడైనా చూశారా? ఒకే చెక్క. మేకు లేదు, బందు లేదు, జిగురు చుక్క లేదు. మధ్యకు కాస్త దిగువగా అడ్డంగా గీత గీసి, దానిమీద ఐదో ఏడో కణుపులు గుర్తుపెడతారు. ఒక కణుపు ఈ మొహం నుంచి, పక్క కణుపు ఆ మొహం నుంచి సన్నఉలితో గుండ్రంగా తొలుస్తూ పోతారు. తరవాత చెక్క మందాన్ని పైచివర నుంచి ఒకసారి, కిందిచివర నుంచి ఒకసారి నిలువునా రంపంతో చీల్చుకుంటూ ఆ కణుపుల దాకా వస్తారు. ఆఖరి పోటు పడగానే ఒక్క చెక్క రెండు రెక్కలై కత్తెరలా తెరుచుకుంటుంది. రెక్కలు విడివడతాయి గాని విడిపోవు. కణుపులు ఒకదాన్నొకటి చేతివేళ్లలా పట్టుకుని ఉంటాయి. చూసేవాడికి గారడీ, చేసేవాడికి గుండెదడ. కణుపుల దగ్గర చెక్కనార తిన్నగా పోవాలి. అక్కడ ముడి ఉన్నా, నార అడ్డం తిరిగినా ఒక కణుపు పుటుక్కుమంటుంది, మూడువారాల పని పొయ్యిలోకి పోతుంది.

మా తాతయ్య వ్యాసపీఠం కణుపు అలా పుటుక్కుమనలేదు. దానిమీద నేను కూర్చున్నాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. రాజమండ్రి దగ్గర ఊళ్లో, వీధరుగుమీద, రాత్రి భారతం చదవడానికి తెరిచి పెట్టిన పీఠాన్ని చిన్న కుర్చీ అనుకున్నాను. తాతయ్య ఏమీ అనలేదు. విరిగినచోట నులకతాడు చుట్టి మళ్లీ దానిమీదే పుస్తకం పెట్టుకున్నాడు. అది ఇరుగుడు చేవ అని ఇంట్లో అనేవారు. ఇరుగుడన్నా, జిట్టేగి అన్నా, ఇప్పుడందరూ అనే రోజ్‌వుడ్ అన్నా ఒకటే చెట్టు. ఆయన పోయాక పీఠం ఎవరి వాటాలోకి వెళ్లిందో, ఏ అటకమీద ఉందో. బ్యాంకు ఉద్యోగం నుంచి దిగి, వసారాలో బల్ల వేసుకుని, చిత్రికలూ ఉలులూ కొనుక్కున్న రోజునుంచీ నా వేళ్లు ఆ పీఠం మీదికే పోతున్నాయి.

హైదరాబాద్ టింబర్ డిపోల్లో టేకు కావాలంటే బల్లార్షాదా, బర్మాదా, ఘనాదా అని ఎదురడుగుతారు. ఇరుగుడు అంటే తెల్లమొహం వేస్తారు. రోజ్‌వుడ్ అంటే ప్లైవుడ్‌మీద అంటించిన కాగితమంత పొర చూపిస్తారు. ఒకచోట, పేరెందుకులెండి, నల్లటి ముదురు చెక్క ఇదిగో అని ఇచ్చారు. ఇంటికొచ్చి చిత్రిక పట్టాను. రెండో పొరకే రంగు వదిలి, లోపల పాలిపోయిన ఏదో అడవి చెక్క బయటపడింది. రంగేసిన జుట్టు కింద మొలిచే నెరుపులాగ. బిల్లు అడగలేదు కనక పోట్లాడే హక్కు కూడా లేదు. ఆ వారమే కాలికట్ నుంచి పాత సహోద్యోగి శుభలేఖ వచ్చింది.

పాలక్కాడులో స్వాములకు నమస్కారం పెట్టి దిగి, షొర్ణూరు చేరి, నీలంబూరు వెళ్లే చిన్న రైలెక్కాను. అరవయ్యారు కిలోమీటర్ల ఒంటి పట్టాల దారి. కలపను కొండల్లోంచి కిందికి దించడానికి 1920ల్లో ఇంగ్లీషువాళ్లు వేశారు. 1941లో యుద్ధానికి ఇనుము కావాలని పట్టాలు పీకేశారు. స్వాతంత్ర్యం వచ్చాక, 1954లో మళ్లీ వేశారు. ఇప్పుడు ఆ రైల్లో దుంగలు లేవు. బడిపిల్లలూ, కూరగాయల సంచులూ, నాలాంటి ఒకరిద్దరూ. స్టేషన్లన్నీ చెట్లలో దాక్కుని ఉంటాయి. రెండువైపులా టేకులు పట్టాలమీదికి వంగి, విస్తరాకులంత ఆకులు రాలుస్తున్నాయి. ఒకటి కిటికీలోంచి వచ్చి ఒళ్లో పడింది. చిన్నప్పుడు లేత టేకాకు నలిపి అరచేతులకు రాసుకుంటే గోరింటాకులా ఎర్రగా పండేది. ఇది ముదురాకు, ఎంత నలిపినా దుమ్మే రాలింది.

'టేకు' అనే మాట కూడా ఈ కొండల్లోంచే బయలుదేరింది. మలయాళంలో తేక్కు. పోర్చుగీసువాళ్లు తేకా అన్నారు, వాళ్ల దగ్గర ఇంగ్లీషువాళ్లు అందుకున్నారు. మాట వెనకే దుంగలూ వెళ్లాయి. ఓక్ చెట్లు తరిగిపోయాక ఇంగ్లీషు నౌకాదళం బొంబాయి రేవులో మలబారు టేకుతో ఓడలు కట్టించుకుంది. అలా 1817లో కట్టిన ట్రింకోమలీ అనే యుద్ధనౌక ఇంకా ఇంగ్లండ్‌లోని హార్టిల్‌పూల్‌లో నీళ్లమీద నిలబడే ఉంది. మరి ఆ లెక్కన నరికితే అడవి ఎన్నాళ్లు ఆగుతుంది? మలబారు కలెక్టరు కొనొలీకి 1840ల్లో ఆ దిగులు పట్టుకుంది. నాటుదామంటే టేకు గింజ మొలకెత్తదు. దాని పెంకు రాయి. చాలా రకాలుగా ప్రయత్నించి విసిగిపోయాక దాన్ని మొలిపించినవాడు చాతు మేనోన్ అనే స్థానిక ఉద్యోగి. గింజను తడిపి, ఆరబెట్టి, మళ్లీ తడిపితేగాని పెంకు సడలదు. ఇవాళ్టి నర్సరీల్లో చేసేదీ అదే. తోట పేరు మాత్రం కొనొలీ ప్లాట్. పేర్లు పెట్టేటప్పుడు మేనోన్‌లు ఎందుకో గుర్తురారు.

చాలియార్ ఏటిమీద ఊగే వంతెన దాటి ఆ తోటలోకి వెళ్లాను. తర్వాత 2019 వరదల్లో ఆ వంతెన దెబ్బతింది. రెండు హెక్టార్ల పైచిలుకు చోటు, అంతే. ప్రపంచంలో నాటి పెంచిన టేకుతోటల్లో ఇదే పాతదంటారు. మోకాళ్లెత్తు వేళ్ల దన్నుతో లేచిన మాను, నలభై మీటర్ల పైన ఎక్కడో ఆకులు. చెట్టుకు చేతులు చాచి ఆనుకున్నాను. సగం కూడా అందలేదు. నాలోని వడ్రంగి మాత్రం ఈ మానులోంచి ఎన్ని పీఠాలొస్తాయా అని లెక్క వేస్తున్నాడు. సిగ్గేసింది గాని లెక్క ఆపలేదు.

1995లో పెట్టిన టేకు మ్యూజియం ఊరికి కాస్త దూరం. గుమ్మంలోనే ఒక టేకుచెట్టు వేళ్ల గుత్తిని మొత్తం తవ్వి తీసి నిలబెట్టారు. పైన చూసే చెట్టుకంటే కిందిది ఎంత మొండిదో దాన్ని చూస్తే తెలుస్తుంది. మిగతావి చెక్కముక్కలూ, పటాలూ, సీతాకోకచిలుకలూ. త్వరగా చూసి బయటపడ్డాను. ముట్టుకోవద్దన్న చెక్కతో నాకేం పని?

ముట్టుకోనిచ్చే చోటు అరువాకోడ్‌లో అటవీశాఖ డిపో. వరసలు వరసలుగా దుంగలు, ప్రతిదాని కోసిన మొహంమీద సుత్తిముద్ర, పెయింటుతో నంబరు, చుట్టుకొలత. వేలం వేసేవి వేలానికి పోతాయి. ఇల్లు కట్టుకునేవాళ్లకు మాత్రం చిల్లరగా అమ్ముతారు. చిల్లర అంటే మనిషికి ఐదు ఘనపు మీటర్ల దాకా. దరఖాస్తుతోపాటు ఇంటి అనుమతిపత్రం పెట్టాలి.

"మీకెంత కావాలి సారే?" అన్నాడు గుమస్తా, కలం మూత తీస్తూ.

చెప్పాను. ఆయన కలం మూత మళ్లీ పెట్టేశాడు. ఎగతాళి చేయలేదు పాపం. కుర్చీ చూపించి, టీ తెప్పించి, నా కాగితంమీది బొమ్మ తిప్పి తిప్పి చూశాడు. ఐదు ఘనపు మీటర్లంటే నా చెక్కలాంటివి పధ్నాలుగు వందల పైన. "ఇక్కడ చెట్టు దొరుకుతుంది. మీకు కావలసింది ముక్క. ముక్కలు కల్లాయిలో ఉంటాయి" అన్నాడు. అంత చక్కగా దారి చెప్పిన ఆఫీసు నా సర్వీసులో నేను చూడలేదు, నాదీ కలుపుకొని.

కల్లాయి కాలికట్‌కు, అంటే కోళిక్కోడ్ ఊరికి, దక్షిణపు కొస. అదే పేరుగల ఏరు అక్కడే సముద్రంలో కలుస్తుంది. నీలంబూరు అడవిలో పడిన దుంగలు చాలియార్‌మీద తెప్పలుగా దిగి ఇక్కడికి చేరేవి, మన గోదావరి మీద భద్రాచలం వైపు నుంచి రాజమండ్రికి వెదురూ కలపా దిగినట్టే. కొనొలీ ఇక్కడా ఉన్నాడు: కల్లాయి ఏటినీ కోరపుళ ఏటినీ కలుపుతూ 1848లో తవ్వించిన కాలువకు ఆయన పేరే. తోట నాటించి, కాలువ తవ్వించిన ఆ కలెక్టరును 1855లో ఇదే ఊళ్లో, తన బంగళాలో చంపేశారు. మాప్పిళాల మీద, అంటే మలబారు ముస్లింల మీద, ఆయన చేసిన అణచివేతకు పగ అది. నేను చెక్క కొన్న మిల్లు యజమాని మాప్పిళానే, అరవై దాటినవాడు. ఇక్కా అని పిలవమన్నాడు. కొనొలీ సంగతెత్తితే కాలువవైపు చెయ్యి చూపి, "కంపు కొడుతోంది, బాగుచెయ్యాలి" అన్నాడు. అంతకుమించి చరిత్ర ఆయనకు అక్కర్లేదు.

"మా వాప్పా కాలంలో ఈ ఏరు దాటడానికి పడవ అక్కర్లేదు. దుంగలమీద నడిచి అవతలి ఒడ్డుకు పోయేవాళ్లం" అన్నాడు. నేను చూసిన ఏట్లో పదో పన్నెండో దుంగలు మునిగీ తేలీ ఉన్నాయి. అవీ ఎక్కువ మలేసియావీ ఆఫ్రికావీ. సొంత అడవులు నరకడం ఆపాక కల్లాయి రంపాలు ఓడల్లో వచ్చిన చెక్క కోసి బతుకుతున్నాయి. సగం షెడ్లకు తాళాలు. తెరిచున్న వాటిలో పొట్టు వాసన ఎంత దట్టంగా ఉందంటే నాలుకమీద చేదు తెలుస్తుంది.

షెడ్డు మూల, రేకుల కింద, తుంపుల గుట్ట. పెద్ద కోతల్లో మిగిలినవి. దానిమీద కూర్చుని డెబ్భై ఏళ్ల ఆశారి బీడీ కాలుస్తున్నాడు. మనకు ఆచారి, వాళ్లకు ఆశారి. రెండుచోట్లా చెవిమీద పెన్సిలే. ఇక్కా ఆయనకు మలయాళంలో నా గోడు వినిపించాడు. ఆశారి నా కాగితం చూడలేదు. రెండు అరచేతులూ ఎదురెదురుగా పెట్టి, వేళ్లలో వేళ్లు దూర్చి, తెరిచి, మూసి, "ఇదేనా?" అన్నట్టు తలెగరేశాడు. అదే. ఆ తర్వాత మాకు దుబాసీ అవసరం అట్టే పడలేదు.

గంటన్నర వెతికాం. ఈట్టి, అంటే ఇరుగుడు, తొమ్మిది ముక్కలు బయటికొచ్చాయి. ఒక్కోదాన్ని తడిగుడ్డతో తుడిచాడు. దుమ్ముపట్టి బూడిదరంగులో ఉన్న చెక్క తడి తగలగానే వంకాయరంగులోకి తిరిగి, లోపల నల్లటి గీతలు తేలాయి. గుడ్డకు రంగంటలేదు, హైదరాబాద్ దెబ్బ తిన్నవాణ్ణి కదా, అది చూసుకున్నాను. అంచున తెల్లగా ఉన్న పొరను గోటితో చూపించి, "వెళ్ల" అన్నాడు. పురుగు తినేది, పనికిరానిది. లోపలి ముదురుభాగం కాతల్. మన చేవ. చెట్టులో ఉన్నా మనిషిలో ఉన్నా మనం ఒకే మాట అంటాం. కాతల్‌ని వాళ్లు మనుషులకు వాడతారో లేదో అడగడం మరిచిపోయాను.

నార చూడటం ఆయన నేర్పింది చెబుతాను. చెక్క మొహం చూస్తే అందమే కనబడుతుంది, నార కనబడదు. పక్కకు తిప్పి సన్నంచు చూడాలి. అక్కడ గీతలు అంచుకు సమంగా పోతుంటే మంచిది, ఏటవాలుగా బయటికి పోతుంటే కణుపు నిలవదు. పైగా ఇరుగుడులో ఒక పెంకితనం ఉంది. పొరలు పొరలుగా నార అటూ ఇటూ ఒరుగుతూ పెరుగుతుంది. ఏవైపు నుంచి చిత్రిక పట్టినా ఎక్కడో పేళ్లు లేస్తాయి. అందుకే ఉలి వాడిగా ఉండాలి, కోత సన్నగా ఉండాలి, తొందర ఉండకూడదు. మూడోది నాకు కష్టం.

చివరికి రెండు ముక్కలు మిగిలాయి. ఒకటి పడగొట్టిన ఏదో పాత తరవాడు ఇంటి దూలంలోంచి కోసింది. మసిపట్టి, ఒక చివర తుప్పుమేకు బెజ్జంతో, చూడటానికి ముసలమ్మ చెయ్యిలా ఉంది. రెండోది ఆరునెలల కిందట కోసిన దుంగది. ఒక్క మచ్చ లేదు, నల్లగీతలు ఏటినీళ్లలా సాగాయి. ఆశారి మొదటిదాన్ని నా చేతిలో పెట్టాడు. "ఇది ఇల్లు మోసింది. కదలవలసినంత ఎప్పుడో కదిలేసింది" అన్నాడని ఇక్కా చెప్పాడు. బెజ్జం పీఠం పాదంవైపు వచ్చేలా గీత కూడా గీసి చూపించాడు. నాకు అర్థమైంది. అయినా రెండోదే తీసుకున్నాను. పెళ్లిచూపుల్లో తప్పులు ఇలాగే జరుగుతాయి.

ఆయన పట్టుపట్టలేదు. రెండు చివరలా మైనం దట్టంగా పూయమన్నాడు. చెక్క తన తడిని కోసిన చివరల నుంచే వేగంగా వదులుతుంది. అక్కడ తొందరగా ఆరి, మధ్య ఆరకపోతే చీలిక తప్పదు. "హైదరాబాద్ గాలి పొడి. అంగుళానికి ఏడాది ఆగు" అన్నాడు. అంటే నాకు ఏడాదిన్నర.

ఎనిమిది వందలు. ఆ ఏడు జూలైలోనే వచ్చిన జీఎస్టీ పద్దెనిమిది శాతం, మరో నూట నలభై నాలుగు. ఈసారి బిల్లు అడిగి తీసుకున్నాను. ఎంత చిన్న ముక్కయినా ఈట్టి ఈట్టే. ఆ జనవరినుంచే దాని జాతి మొత్తం అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలోకి ఎక్కింది. చెట్టు మన పట్టా భూమిలో ఉన్నా అది సర్కారుదే అనే షరతు కేరళలో చాలా భూములకు ఉంది. 2021లో వయనాడ్‌లోని ముట్టిల్‌లో అలాంటి భూముల్లో ఈట్టి చెట్లు నరికిన కేసు రాష్ట్రమంతా మోగినప్పుడు, పత్రికలో ఆ దుంగల ఫొటోలు చూసి, లేచి వెళ్లి నా బిల్లు బీరువాలో ఉందో లేదో చూసుకున్నాను. ఉంది. అందులో నా చెక్క 0.125 ఘనపుటడుగు.

పెళ్లి బాగా జరిగింది. సద్యలో, అంటే విందులో, పాయసాలే మూడు. సహోద్యోగి వియ్యపురాలు నా కుర్చీకింద పంచెలో చుట్టిన పొట్లం చూసి కానుక అనుకుని అందుకోబోయింది. మా ఆవిడ అడ్డంపడి, ఇద్దరికీ అర్థంకాని భాషలో పది నిమిషాలు సంజాయిషీ చెప్పింది. తిరుగు రైల్లో మళ్లీ స్వాములే, ఈసారి తేలికపడ్డ మొహాలతో, అరవణ డబ్బాలతో. ఒకాయన నా ఒళ్లోని పొట్లాన్ని కళ్లకద్దుకోబోయి, "ఇది ఏ క్షేత్రం ప్రసాదం స్వామీ?" అన్నాడు. కల్లాయి అన్నాను. మూడుకిలోల బరువు చూసి, శక్తిగల దేవుడే అనుకున్నట్టున్నాడు.

ఇంటికి రాగానే కొవ్వొత్తి కరిగించి ఒక చివర పూశాను. రెండో చివరకు వచ్చేసరికి కొవ్వొత్తి అయిపోయింది. రేపు తెచ్చి పూద్దాం అనుకుని, చెక్కమీద పెన్సిల్‌తో తేదీ వేసి, మంచం కింద పెట్టాను. ఏప్రిల్‌లో ఊడ్చేటప్పుడు తీసి చూస్తే మైనం లేని చివర వెంట్రుకవాసి చీలిక. మే నెలాఖరుకు అందులో గోరు దూరింది. రెండంగుళాల లోపలికి పోయి ఆగింది. మా ఆవిడ చూసి, "ఆ మేకు బెజ్జం చెక్క ఇంకా అక్కడే ఉండి ఉంటుందా?" అంది. మాట్లాడలేదు.

2019 జూలైలో రెండంగుళాలూ కోసి పారేసి పని మొదలుపెట్టాను. చిత్రిక పట్టిన మొదటిరోజు వసారా అంతా గులాబీ ఎండబెట్టినట్టు వాసన. పొట్టు ఊడ్చి బయట పోయలేక బట్టల బీరువాలో పెట్టుకున్నాం. కణుపులు ఐదు. నాలుగోదాని దగ్గర ఉలి జారి బొటనవేలు తెగింది, కణుపు నిలిచింది. ఆఖరి పోటుకు రెక్కలు తెరుచుకున్నప్పుడు వీధిలోని కుర్రాళ్లను పిలిచి చూపించాను. వాళ్లలో ఒకడికి తొమ్మిదేళ్లుంటాయి. వాణ్ణి కాస్త దూరంగా నిలబెట్టాను.

పీఠం పదహారు అంగుళాలే వచ్చింది. కణుపుల పైన మిగిలిన రెక్క పొట్టిదైపోయింది. పెద్దబాలశిక్ష నిలుస్తుంది. పంచాంగం దివ్యంగా నిలుస్తుంది. తాతయ్య భారతం ఆదిపర్వం పెడితే మాత్రం వెనక్కి పడిపోతోంది.